కృష్ణ పదార్థం కోసం గిన్నెలతో వచ్చినవాళ్లు

2004 వేసవిలో నన్ను అనంతపురం నుంచి తిరుపతి రేడియో కేంద్రానికి ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌గా బదిలీ చేశారు. రేడియో అనగానే బయటివాళ్లకు అనౌన్సర్ల గొంతులే గుర్తొస్తాయి. ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్ గొంతు ఎవరికీ వినబడదు. ఎవరు మాట్లాడాలి, దేనిమీద మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, ఏ మాట అనకూడదు అన్నవి తేల్చే ఉద్యోగం అది. మా పైన స్టేషన్ డైరెక్టరు ఉంటారు. ప్రసారం సాగుతున్నంతసేపూ కనిపెట్టుకుని ఉండే డ్యూటీ ఆఫీసరు మాకు కింద. నాకు అప్పగించిన శాఖల్లో విజ్ఞాన ప్రసంగాలు ఒకటి. దానికోసం ఎవరూ పోటీపడలేదు. ఆ ప్రసంగాలు మొదలవగానే జనం లేచి వెళ్లి వేరే పనులు చూసుకుంటారని కేంద్రంలో అందరికీ తెలుసు.

ఆ ఆగస్టులో డాక్టర్ చెంగల్రాయులు గారు నా గదికి వచ్చారు. ఊళ్లో ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. పుత్తూరు పక్క మనిషి, పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉండేవారు. ఆయన పరిశోధన అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేది. కనిపించే మామూలు పదార్థమూ, కనిపించని కృష్ణ పదార్థమూ ఒకే చోట పుట్టాయా, వేరువేరుగా పుట్టాయా? కళాశాలలో దీన్ని వినేవాళ్లు లేరు. విద్యార్థులకు ఇది పరీక్షలో రాదు. తోటి లెక్చరర్లు ఆయన్ని చూడగానే క్లాసు ఉందని వెళ్లిపోయేవారట.

మా పద్ధతి ప్రకారం ప్రసంగం ముందుగా రాసి ఇవ్వాలి. పది నిమిషాలకు నాలుగు పేజీలు. వ్యాపార ప్రకటన ఉండకూడదు, ఏ మతాన్నీ కించపరచకూడదు, మిత్రదేశాలను విమర్శించకూడదు. ఆయన రాసిచ్చిన ప్రతి చదివాను. నిబంధనల ప్రకారం ఏ దోషమూ లేదు. అర్థం మాత్రం కాలేదు. ఆ మాటే ఆయనతో అంటే, టీ గ్లాసు పక్కన పెట్టి నోటితో చెప్పారు.

"మొదట్లో పదార్థమూ ఉండె, దాని విరోధి ప్రతిపదార్థమూ ఉండె మేడమ్. రెండూ ఎదురుపడితే రెండూ మాయం. సరిసమానంగా ఉండింటే ఈ పొద్దు మీరూ లేరు, నేనూ లేను, ఈ టీ గ్లాసూ లేదు. యాడో రవంత హెచ్చుతగ్గు వచ్చింది. కొట్టుకోగా మిగిలిందే మనం."

గెలాక్సీలు తిరిగే తీరు చూస్తే, కనిపించే పదార్థం ఒక్కటే వాటిని పట్టి ఉంచలేదని తేలిందట. కనిపించనిది ఇంకేదో ఉంది, అది మామూలు పదార్థానికి సుమారు ఐదింతలు. దానిమీద వెలుగు పడదు, అది మనలోంచే దూసుకుపోతున్నా మనకు తెలియదు. ఇంతవరకూ ఎవరికీ పట్టుబడలేదు. ఆయన తలకెక్కించుకున్న చిక్కు ఆ ఐదింతల దగ్గరే ఉంది.

"ఒగడు కుప్పంలో, ఇంకొగడు కాశీలో, ఒకరి సంగతి ఒకరికి తెలీకుండా ఇండ్లు కట్టుకున్నారనుకోండి. ఒకటి గుడిసె, ఇంకొకటి గోపురం కావచ్చు గదా! ఈడ చూస్తే ఒకటికి ఐదు, అంతే. ఇంత దగ్గరగా యెట్ట వచ్చింది? ఆ రవంత హెచ్చుతగ్గు ఒకే సంఘటనలో రెండు పక్కలా వచ్చి ఉండాల. రెండూ ఒక తల్లి బిడ్డలయి ఉండాల. అట్లయితే కృష్ణ కణం ప్రోటాను కన్నా ఐదింతలు బరువుంటే లెక్క సరిపోతాది."

ఆ 'ఒక తల్లి బిడ్డలు' అన్నమాట ప్రతిలో పెట్టమన్నాను. ఆయన 'కావచ్చు' అని చేర్చి పెట్టారు.

ఇంగ్లీషులో డార్క్ మ్యాటర్ అనే దీన్ని తెలుగులో ఏ పేరుతో పిలవాలన్న దగ్గర పేచీ వచ్చింది. స్టేషన్ డైరెక్టరు సుందరేశన్ గారు మదురై వైపు మనిషి, మంచి తెలుగు మాట్లాడేవారు, భయం కొంచెం ఎక్కువ. 'చీకటి పదార్థం' అంటే చీకటి వ్యాపారంలా ఉందన్నారు. 'నల్ల పదార్థం' అంటే నల్లమందు అనుకుని పోలీసులు వస్తారన్నారు. పాఠ్యపుస్తకాల్లో 'కృష్ణ పదార్థం' అని ఉందని చెంగల్రాయులు గారు చూపించారు. డైరెక్టరు గారి ముఖం విప్పారింది. "ఇది శుభంగా ఉంది. ఎవరికీ అభ్యంతరం ఉండదు," అంటూ సంతకం చేశారు.

రికార్డింగు బాగా జరిగింది. ఆ ప్రసంగం ఒక సాయంత్రం ప్రసారం కావాలి. ఆ సాయంత్రానికి క్రికెట్ వ్యాఖ్యానం వచ్చి పడింది. అలాంటప్పుడు ఖాళీ ఉన్నచోటికి ప్రసంగాన్ని జరపడం డ్యూటీ గది పని. మధ్యాహ్నం మహిళల కార్యక్రమం తర్వాత పది నిమిషాలు ఖాళీ ఉంది. అక్కడికి జరిపారు. ఆ మర్నాడు గోకులాష్టమి. మహిళల కార్యక్రమంలో ఆ రోజు విషయం కృష్ణుడికి నైవేద్యం ఎలా చేయాలన్నది. బియ్యప్పిండి ఉండలు వేయించే సీడై, మురుకులు, వెన్న కలిపిన అటుకులు, అన్నీ ఒకావిడ నోరూరేలా చెప్పింది. ఆమె ముగించగానే అనౌన్సరు అదే తీయని గొంతుతో, "ఇప్పుడు కృష్ణ పదార్థం గురించి వినండి," అంది.

పదార్థం అంటే భౌతికశాస్త్రంలో ఒక అర్థం, వంటింట్లో ఇంకో అర్థం. విన్నవాళ్లు వంటింట్లో ఉన్నారు. కృష్ణ పదార్థం లోకమంతా ఉందట. మామూలు పదార్థానికి ఐదింతలట. ఇంతవరకూ ఎవరికీ దొరకలేదట. చివర్న అనౌన్సరు ఎప్పటిలాగే, మరిన్ని వివరాలకు మా కేంద్రానికి రాయవచ్చని చెప్పింది.

రాయలేదు. వచ్చారు.

మర్నాడు ఉదయం నేను ఆటో దిగేసరికి గేటు ముందు రోడ్డు కనిపించలేదు. ఆడవాళ్లు, మగవాళ్లు, తిరుచానూరు నుంచి పూలమ్మేవాళ్లు, కొండ దిగి వచ్చిన యాత్రికులు కొందరు. అందరి చేతుల్లో గిన్నెలు, క్యారియర్లు, పాల క్యాన్లు. కాపలాదారు గేటుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఒకావిడ నన్ను పట్టుకుంది.

"మేడమ్, కృష్ణ పదార్థం యాడ ఇస్తా ఉండారు?"

"ఇక్కడ ఇవ్వడం లేదమ్మా."

"అప్పుడే అయిపోయిందా?"

"అది కంటికి కనిపించదు, చేతికి అందదు," అన్నాను.

"అందేవోళ్లకి అందుతాదిలే," అన్నాడు వెనకాల ఒకాయన. "వాళ్ల మనుషులకి ముందే పెట్టేసింటారబ్బా. యాడన్నా ఇంతే గదా!"

ఈ మాటతో గేటు కదిలింది. రేడియో కేంద్రం రక్షిత ప్రదేశం. జనం లోపలికి వచ్చి ప్రసారం ఆగితే పైనుంచి విచారణ వస్తుంది. సుందరేశన్ గారు మేడమీద కిటికీలోంచి చూసి, కూర్చుని, మళ్లీ లేచి చూశారు. ఆ లెక్చరర్‌ని పిలిపించమన్నారు. ఇంకెప్పుడూ మైకు ముందుకు రానివ్వద్దనీ, పిలవకూడనివాళ్ల జాబితాలో ఆయన పేరు ఎక్కించమనీ అదే ఊపిరిలో చెప్పారు. మా ఉద్యోగంలో ఆ జాబితాకు ఎక్కినవాళ్లు దిగిరావడం నేను అప్పటిదాకా చూడలేదు.

చెంగల్రాయులు గారికి ఫోన్ చేసి గేటు దగ్గరికి తిరిగొస్తుంటే ఒక పెద్దావిడ గోడవారగా చతికిలబడి కనిపించింది. పేరు మునెమ్మ, కార్వేటినగరం దగ్గర పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలో పెరుగన్నం ఉన్న గిన్నె ఒకటి, ఖాళీ గిన్నెలు ఐదు.

"మామూలుది ఒగటి తెస్తే కృష్ణునిది ఐదు ఇస్తారంట గదమ్మా," అంది. ఆమె భర్తకు పక్షవాతం. తలగడ పక్కన రేడియో తప్ప ఆయనకు వేరే కాలక్షేపం లేదు. "నెల్లాళ్లుగా రెండు ముద్దలు తినిపించేకి నా ప్రాణం పోతా ఉండాది. నిన్న రేడియో ఇని, ఆ పదార్థం తెచ్చిపెట్టు, తింటానన్నాడు. వట్టి చేతుల్తో పోతే నేనసలు రాలేదనుకుంటాడు."



చెంగల్రాయులు గారు స్కూటరు మీద వచ్చారు. జనాన్ని చూసి స్టాండు వేయడం మరిచిపోయారు. స్కూటరు పక్కకు ఒరిగిపోయింది.

"ఇంతమందీ నా ప్రసంగం ఇన్నారా మేడమ్?" అన్నారు. ఆయన ముఖంలో అంత వెలుగు నేను మళ్లీ చూడలేదు. జాబితా సంగతి అప్పుడు చెప్పబుద్ధి కాలేదు.

కాపలాదారు కూర్చునే స్టూలు ఎక్కి ఆయన మొదలుపెట్టారు. ఇది ప్రసాదం కాదనీ, భౌతికశాస్త్రమనీ చెప్పారు. జనం కదలకుండా విన్నారు. ప్రసాదానికి ముందు పురాణం ఉంటుందని అందరికీ అలవాటే. సృష్టి మొదట్లో పదార్థమూ ప్రతిపదార్థమూ ఒకదాన్నొకటి హరించుకున్నాయని ఆయన అనగానే ఎవరో "గోవిందా!" అన్నారు. రోడ్డంతా అందుకుంది. ఆయన ఉత్సాహపడి ఐదింతల దగ్గరికి వచ్చారు. గిన్నెలు పైకి లేచాయి.

ఆయన దిగి లోపలికి వచ్చేసరికి సుందరేశన్ గారు క్యాంటీన్‌లో చక్కెర పొంగలి చేయించమని చెప్పేశారు. పండగ రోజు కాబట్టి బియ్యం, బెల్లం సిద్ధంగా ఉన్నాయి. మధ్యాహ్నం వార్తలలోగా గేటు ఖాళీ కావాలన్నది ఆయన పట్టుదల. చెంగల్రాయులు గారు అడ్డం తిరిగారు. "కనిపించదు కనిపించదని నేను చెప్తా ఉంటే, మీరు ఆకులో పెట్టి చూపిస్తారా సార్? రేపు నా సిద్ధాంతం పొంగలైపోతాది," అన్నారు. నేను ఆయన్ని పక్కకు తీసుకెళ్లి మునెమ్మ సంగతి చెప్పాను. ఆయన నేరుగా క్యాంటీన్‌కు వెళ్లి గరిటె అందుకున్నారు. ఒక షరతు పెట్టారు, వడ్డించేది తనే, చెప్పేదీ తనే.

వచ్చిన ప్రతి గిన్నెలోనూ పొంగలి వేస్తూ, "ఇది మామూలు పదార్థం. కృష్ణ పదార్థం కాదు," అని చెప్పారు. ఒక్కరినీ వదల్లేదు. అందరూ కళ్లకద్దుకుని, సరే సామీ అని వెళ్లారు. మునెమ్మ వంతు వచ్చింది.

"అమ్మా, ఇది మామూలుది. ఇంట్లో ఆయనకు అట్లే చెప్పండి, అబద్ధం వద్దు."

"చెప్తాలే సామీ. రెండూ ఒగ తల్లి బిడ్డలే గదా, నిన్న మీరే చెప్పినారు."

ఆయన గరిటె ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఆయన సిద్ధాంతాన్ని ఒకరు ఆయనకే తిరిగి చెప్పడం అదే మొదటిసారట. అయినా ఆయన శాస్త్రజ్ఞుడు.

"కావచ్చు అన్నానమ్మా. ఇంకా తేలలేదు."

"తేలేదాకా ఇది తింటా ఉంటాంలే," అని ఆమె రెండో గిన్నె పట్టింది. ఆయన ఐదూ నింపారు.

నెల తిరక్కుండా పై కార్యాలయం నుంచి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. కృష్ణ పదార్థం ఇంతవరకూ ఎవరికీ లభ్యం కాలేదని మీ ప్రసంగంలోనే ఉండగా, మీ కేంద్రం దాన్ని ప్రజలకు ఏ అధికారంతో పంపిణీ చేసింది? జవాబు రాసే పని నాకు పడింది. పంపిణీ చేసింది మామూలు పదార్థం మాత్రమేననీ, ఆ విషయం ప్రతి ఒక్కరికీ విడివిడిగా తెలియజేశామనీ, రెండింటి పుట్టుక ఒకటేనా అన్న సంగతి శాస్త్రజ్ఞుల పరిశీలనలో ఉందనీ రాశాను. తృప్తి చెందామని తిరుగు జవాబు వచ్చింది. ఆ జవాబు చూశాక సుందరేశన్ గారు జాబితాలోంచి చెంగల్రాయులు గారి పేరు తనే కొట్టేశారు. నా సర్వీసులో అలా దిగివచ్చిన పేరు అదొక్కటే.

మరుసటి గోకులాష్టమికి ఎవరూ పిలవకుండానే జనం వచ్చారు, అంతకు ముందుకంటే ఎక్కువగా. ఈసారి పొంగలి సిద్ధంగా ఉంచాం. చెంగల్రాయులు గారు ఉతికిన చొక్కాతో స్టూలెక్కి ప్రసంగించారు. మునెమ్మ కూడా వచ్చింది. పోయినేడు తెచ్చింది మామూలుదేనని భర్తకు చెప్పిందట. "నోటికి తెలస్తానే ఉండాదిలే," అంటూనే గిన్నె ఖాళీ చేశాడట. జీడిపప్పు తక్కువైందని మాత్రం మాకు చెప్పమన్నాడట. నేను పదవీ విరమణ చేసేదాకా ఏటా ఇది సాగింది. ఆఫీసు ఫైళ్లలో దీన్ని 'శ్రోతలతో ముఖాముఖి' అనేవాళ్లం.

కృష్ణ పదార్థం ఇప్పటికీ పట్టుబడలేదు. చెంగల్రాయులు గారు చెప్పిన సిద్ధాంతం నిజమని తేలలేదు, అబద్ధమనీ తేలలేదు. నాకు తేలింది ఉద్యోగానికి సంబంధించినది. ప్రసంగాన్ని విడిగా చదివి తప్పులు లేవని సంతకం చేస్తే పరిశీలన పూర్తయినట్టు కాదు. దానికి ముందు ఏ కార్యక్రమం వస్తుందో, అది వినేవాళ్ల ఇళ్లలో ఆ రోజు పొయ్యి మీద ఏముంటుందో కూడా చూసుకోవాలి. మా నిబంధనల పుస్తకంలో ఈ సంగతి లేదు. నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అమ్మాయికి నేను నోటితోనే చెప్పి వచ్చాను.