సారవ్వ బతుకమ్మ, మొగిలి మడ్‌ఫ్లాపులు

మొగిలి గనిలో బెల్టు దగ్గర డ్యూటీ చేసి రిటైరైన మనిషి. బొగ్గు మోసే ఆ రబ్బరు బెల్టు మీద ఉన్న నమ్మకం అతనికి దేవుడి మీద కూడా లేదు. గడప ముందు కాళ్లు తుడుచుకునేది పాత బెల్టు ముక్క, నీళ్ల తొట్టికి మూత బెల్టు ముక్క. చీర బదులు కూడా అదే తెస్తాడేమోనని భార్య యమునకు భయం.

రిటైరయ్యాక పాత పికప్ బండి కొని గోదావరిఖనిలో కిరాయికి తిప్పుతున్నాడు. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు ఆ బండితోనే పాపం మూటగట్టుకున్నాడు. అతని అక్క సారవ్వ పొద్దంతా కూర్చుని తంగేడు, గునుగు పూలు పేర్చి, బతుకమ్మను నెత్తిన పెట్టుకొని గోదావరికి నడిచిపోతోంది. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు, వాన పడిందంటే నల్లటి బురద. మన మొగిలి అక్కను చూసిన సంబరంలో హారన్ కొట్టి, చెయ్యూపి, బండిని గుంతలోంచి పోనిచ్చాడు. వెనక చక్రాలు చిమ్మిన బురదకు పైనున్న పసుపు గౌరమ్మతో సహా బతుకమ్మంతా నల్లబడింది. ఆ రోజు సారవ్వ ఏటా పెట్టే రొట్టె, బెల్లం మలీద ముద్ద పెట్టలేదు, అప్పట్నుంచి తమ్ముడితో మాట్లాడనూ లేదు. ఉండేది పక్క వీధిలోనే. ఏడాదిగా మొగిలికి ముద్ద దిగడం లేదు, దిగినా రుచి తెలియడం లేదు.

ఈసారి పండుగకు ముందే వెనక చక్రాలకు బురద చిమ్మకుండా ఆపే మడ్‌ఫ్లాపులు కట్టాలనుకున్నాడు. దుకాణంలో అమ్మేవి ఉత్త కాగితాలని తిట్టి, పాత బెల్టు కోసి బోల్టులతో బిగించాడు. గనిలో బొగ్గు పక్కకు కారకుండా బెల్టుకు రబ్బరు ఆనించి పెడతారు. ఈయన అదే లెక్కన ఫ్లాపులను నేలకు ఆనించాడు.

"గంత పొడుగెందుకు? బండితోని రోడ్డు ఊడుస్తవా ఏంది?" అంది యమున.

"చుక్క ఎగరొద్దు. నీకు తెల్వది, ఊకో."

అక్కకు చూపిద్దామని బండిని ఆమె వాకిట్లోకి వెనక్కి తీశాడు. టైరు ఫ్లాపును తొక్కింది. బోల్టులు ఊడి, ఫ్లాపు ఫట్‌మని కింద పడింది. అరుగు మీద గునుగు పూలకు రంగులద్దుతున్న సారవ్వ తలెత్తలేదు.

"ఎన్కకు తీస్తె టైరు తొక్కదా? జానెడు కొయ్యుమని చెప్పెటోళ్లు లేరా వానింట్ల?" అని వాకిట్లో కోడిపెట్టను అడిగింది.

కోడిపెట్ట ఏమీ అనలేదు. మొగిలి జానెడు కోసి మళ్లీ బిగించాడు.

పండుగ సాయంత్రం సారవ్వ బతుకమ్మనెత్తుకొని గుమ్మం దిగింది. బండి వాకిట్లోనే ఉంది.

"అక్కా, బండ్లె కూసో" అన్నాడు మొగిలి.

"ముంగట నడుపుమను. నేను ఎన్క నడుస్త" అంది ఆమె కోడిపెట్టతో.

అలాగే బయల్దేరారు. నిరుటి గుంత ఈసారీ నిండుగా ఉంది. మొగిలి బ్రేకు తొక్కాడు. వెనక డోరు మీద అరచేత్తో రెండు దెబ్బలు పడ్డాయి. పోనియ్యమని. బ్రేకు వదిలి పోనిచ్చాడు. అద్దంలో చూసే ధైర్యం లేక ఒడ్డు దాకా రోడ్డునే చూస్తూ నడిపాడు.

దిగి చూస్తే తంగేడు పచ్చగానే ఉంది. గౌరమ్మ పసుపుగానే ఉంది.

సారవ్వ బతుకమ్మను నీళ్లలో వదిలి, మలీద గిన్నె పట్టుకొని వచ్చింది. కోడిపెట్ట ఇంటి దగ్గరే ఉండిపోయింది కాబట్టి తమ్ముడి మొహమే చూడాల్సి వచ్చింది.

"చెయ్యి పట్టుర తమ్మీ" అని ఒక ముద్ద పెట్టింది. ఆగి, ఇంకోటి పెట్టింది.

"గిది నిరుటిది" అంది.