పసుపు మొనారో ఎడమ మడ్‌గార్డు

మలేషియాలోని సుంగై పెటానిలో కాంతయ్య అరచేతిని నమ్మినంతగా జనం కంప్యూటర్ని కూడా నమ్మరు. సొట్టలుపడ్డ కార్లకి సుత్తిపని చేసే మనిషి. అరవై మూడేళ్ళు. రేకు మీద పల్చటి గుడ్డ వేసి, కళ్ళు మూసుకుని, ఎడమ అరచెయ్యి అలా జరుపుతాడు. ఇక్కడ దెబ్బ తగిలింది, ఇక్కడ పూత పెట్టారు, ఇది ఫలానా మేస్త్రీ పని అని చెప్పేస్తాడు. గొప్పలు పోతున్నాననుకునేరు! పాత కార్ల బేరగాళ్ళు కౌలాలంపూర్ నుంచి ఇంత దూరం వచ్చి ఆయన చేత సంతకం పెట్టించుకుపోతారంటే ఊరికే కాదు మరి.

ఆయనకి ఇంకో అలవాటుంది. పని పూర్తయ్యాక రేకు లోపలివైపు, ఎవరి కంటా పడని మూల, వార్నిష్‌లో కుంకం కలిపి బొటనవేలితో ఒక బొట్టు పెడతాడు. ఆయన తల్లి రబ్బరు తోట కూలీల లైన్ ఇంట్లో కొత్త చేటకైనా బొట్టు పెట్టందే వాడేది కాదు. ఆ తల్లి కొడుకు మరి. ఇపో ఊళ్ళో అరుముగం మేస్త్రీ దగ్గర పని నేర్చుకునేటప్పుడు రేకు కోసుకుని బొటనవేలి మీద ఏటవాలుగా మచ్చ పడింది. అందుకని ఆయన పెట్టిన ప్రతి బొట్టుకీ మధ్యలో సన్నటి గీత ఉంటుంది.

మొన్న జులైలో యోగేశ్వరన్ మొనారో అనే పసుపు రంగు ఆస్ట్రేలియా కారుని లారీ మీద తెచ్చి ఆయన షెడ్డులో దింపించాడు. యోగేశ్వరన్‌ది సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తోటలో పెద్ద గుమాస్తాగా చేసిన శ్రీకుమార్ గారి ఒక్కగానొక్క కొడుకు. శ్రీకుమార్ గారి ఫోటో షెడ్డు గోడ మీద మురుగన్ పటం పక్కనే ఉంటుంది, రోజూ పూలతో. ఎందుకుండదూ? 1981లో కాంతయ్య చెల్లెలు నూకమ్మ, పదహారేళ్ళ పిల్ల, తెల్లవారుజామున రబ్బరు పాలు గీయడానికి పోతూ తోట రోడ్డు మీద బండి గుద్ది చచ్చిపోయింది. రబ్బరు పాలు మోసే లారీ గుద్దేసి పోయిందన్నారు. ఏ లారీయో తేలనే లేదు. ఇపోలో ఉన్న కాంతయ్యకి కబురందేసరికి మూడు రోజులు. వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది, పిల్ల ముఖమైనా చూడలేదు. ఆ కర్మలకి ఖర్చంతా పెట్టి, తల్లిని ఓదార్చి, ఏడాది తిరక్కుండా కాంతయ్య చేత సొంతంగా ఈ షెడ్డు పెట్టించినవాడు శ్రీకుమార్ గారు. నలభై ఏళ్ళుగా కాంతయ్య ఇంట్లో ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. పోయినేడాది ఆయన పోతే కాంతయ్య తండ్రి పోయినట్టు ఏడ్చాడు.

"నాన్న బండి ఇది అంకుల్. తోట దొర వాళ్ళ దేశం పోయినప్పుడు ఆయన కాడ కొన్నాడంట. నాకు తెలిసి ఎప్పుడూ గుడ్డ కప్పే ఉంది, బయటికి తియ్యలేదు. అమ్మేస్తాను లా," అన్నాడు యోగేశ్వరన్, అక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"ఈ ముసలి బండిని ఎవుడు కొంతాడు తంబీ?"

యోగేశ్వరన్ నవ్వాడు. పదేళ్ళ కిందట ఇరవై వేలకి అడిగే దిక్కులేదట. పోయిన నెల మెల్‌బోర్న్ వేలంలో దీని జోడు బండి ఐదు లక్షల రింగిట్లు పలికిందట. రెండు తలుపులు, ఎనిమిది సిలిండర్లు, గర్జించే ఇంజను. అప్పట్లో దాన్ని చూసి లొట్టలేసిన కుర్రాళ్ళు ఇప్పుడు డబ్బున్న ముసలాళ్ళయ్యారు, పోయిన వయసుని వేలంపాటలో కొనుక్కుంటున్నారు. అయితే ఒక మెలిక. పుట్టినప్పటి రేకు పుట్టినట్టే ఉండాలి. దెబ్బ తగిలిందంటే ధర సగానికి పడిపోతుంది. ఈ బండికి ఎన్నడూ దెబ్బ తగల్లేదని కాంతయ్య కాగితం మీద సంతకం చెయ్యాలి. అంతే పని.

"అయ్యగారి బండికి సంతకం సెయ్యకపోతే ఇంకెవుడి బండికి సేస్తాను?" అన్నాడు కాంతయ్య. అయినా చూడకుండా చెయ్యడు. అదీ ఆయన తిక్క.

మర్నాడు మధ్యాహ్నం బండిని షెడ్డు ముందు ఎండలోకి తోయించి, గుడ్డ వేసి చెయ్యి జరిపాడు. ఎండ మండిపోతోంది, కుడి మడ్‌గార్డు పెనంలా కాలుతోంది. ఎడమ మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టగానే చటుక్కున తీసేసుకున్నాడు. చల్లగా ఉంది. నీడ లేదు, నీళ్ళు పడలేదు, మరి చల్లగా ఎలా ఉంటుందండీ? మళ్ళీ పెట్టాడు. ఎక్కడా సొట్ట లేదు, పూత లేదు, వంక పెట్టడానికి లేదు. కానీ ఆ చలి మోచేతి దాకా ఎక్కింది.

రెండోరోజు వాసన వచ్చింది. పులిసిన రబ్బరు పాల వాసన. ఆ చుట్టుపక్కల రబ్బరు చెట్టన్నది కొట్టేసి ఇళ్ళు కట్టి ఇరవై ఏళ్ళవుతోంది. భార్య పుష్పవల్లి టీ తెచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏటది? మా అమ్మ పనినుంచొచ్చినప్పుడు వచ్చే వాసన," అని, గ్లాసు అక్కడే పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మూడోరోజు వాన మబ్బు కమ్మింది. కాంతయ్య ట్యూబులైటు వేశాడు. రేకు నునుపు చూడటానికి మేస్త్రీలు చేసేది అదే. లైటు వెలుగు రేకు మీద గీతలా పడుతుంది, ఆ గీత వంకరపోకుండా సాగితే రేకు బాగున్నట్టు. గీత తిన్నగా సాగింది. ఎడమ మడ్‌గార్డు మధ్యకొచ్చేసరికి తెగిపోయింది. లైటుకీ రేకుకీ మధ్యన మనిషి నిలబడితే ఎలా తెగుతుందో అలా. కాంతయ్య వెనక్కి తిరిగాడు. ఎవరూ లేరు. ముందుకి తిరిగాడు. గీత అలాగే తెగి ఉంది.

ఇంకొకడైతే సంతకం గీకేసి బండిని సాగనంపేవాడు. కాంతయ్య మొండివాడు. చక్రం విప్పి, మడ్‌గార్డు కిందకి దూరి, లోపలంతా పేరుకున్న తారు గీకాడు. చేతిలో చిన్న అద్దం, టార్చి. హెడ్‌లైటు వెనక మూలలో ఎర్రగా కనిపించింది. ఉమ్మితో తడిచేసి తుడిచాడు. బొట్టు. వార్నిష్ కింద కుంకం, నిన్న పెట్టినంత ఎర్రగా. మధ్యలో ఏటవాలుగా సన్నటి గీత.

బండిని ఎన్నడూ చూడలేదు కానీ ఈ రేకుని చూశాడు! ఇపోలో, పంతొమ్మిదేళ్ళప్పుడు, ఒక గురువారం లారీవాడెవడో గోనెసంచిలో చుట్టిన మడ్‌గార్డు ఒక్కటే తెచ్చాడు. దున్నపోతుని గుద్దిందన్నాడు, తొందరన్నాడు. మేస్త్రీ మొదటిసారి పనంతా కాంతయ్యకే ఒప్పజెప్పాడు. సుత్తికి లొంగని లోతులో సీసం కరిగించి నింపి, నున్నగా గీసి, సొంత చేత్తో చేసిన మొదటి పని కదా అని మురిసిపోతూ బొట్టు పెట్టాడు. సాయంత్రానికి లారీవాడు పట్టుకుపోయాడు. మర్నాడే తంతి వచ్చింది, చెల్లెలు పోయిందని. తన చేతి పని కాబట్టే ఇన్నాళ్ళకి తన చేతికి తెలియలేదు.

చెల్లెల్ని చంపిన రేకుని పోలీసుల కంటపడకుండా నున్నగా చేసి, బొట్టు పెట్టి పంపింది తానే! అయ్యో, ఎంత ఘోరం. కాంతయ్య అక్కడే చక్రం పక్కన కూలబడి నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ గోడ మీది ఫోటో వైపు చూశాడు. ఆ కర్మల ఖర్చు, ఈ షెడ్డు, నలభై ఏళ్ళ ఆ దయంతా ఇప్పుడర్థమైంది.

తర్వాత గ్యాసు మంట వెలిగించాడు. పసుపు రంగు పొంగి, నల్లబడి, రాలిపోయింది. దాని కింద సీసం మెరిసి, మెత్తబడి, బొట్లుబొట్లుగా నేల మీదకి కారింది. కారేకొద్దీ రేకులో ఒక గుంట తేలింది. నడుము. దానిపైన భుజం. ముఖానికి అడ్డం పెట్టుకున్న మోచెయ్యి, సన్నటిది, ఆడపిల్లది. మంట ఆర్పాక కాంతయ్య ఆ మోచేతి గుంటలో చెయ్యి పెట్టాడు. అంత మంట తగిలిన రేకు, చల్లగానే ఉంది.

కబురందుకుని మర్నాడు పొద్దున యోగేశ్వరన్ వచ్చాడు. బండిని చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అంకుల్! ఏటి సేసినావు లా! ఐదు లక్షల బండి!"

కాంతయ్య చెప్పాడు. గురువారం, గోనెసంచి, బొట్టు, అన్నీ. యోగేశ్వరన్ మొదట గొంతు చించుకున్నాడు. తర్వాత గుంట దగ్గరికి వచ్చి ఆ మోచేతి మీద వేలు పెట్టి చూశాడు. "నాన్న ఆఖర్లో రోజూ సాయంత్రం అడిగేవోడు," అన్నాడు మెల్లగా. "బండికాడ నిల్సున్న పిల్ల ఎవులు, లోనికి రమ్మను, అని. గరాజ్‌లో ఎవులూ ఉండేవోళ్ళు కాదు."

యోగేశ్వరన్ ఫోను తీసుకుని బయటికి వెళ్ళాడు. వేలంవాళ్ళతో కాబోలు, పావుగంట ఇంగ్లీషులో మాట్లాడాడు. తిరిగొచ్చేసరికి ముఖంలో సిగ్గుంది, సిగ్గు కింద ఇంకేదో కూడా ఉంది.

"అంకుల్, ఏమనుకోవద్దు. గుంట అలాగే ఉంచమన్నారు. కథున్న బండి అంటే కొనేవోళ్ళు ఇంకా ఎగబడతారంట. ఆరు లక్షల దాకా పోవచ్చు. నీకూ వాటా ఇస్తాను, ఒట్టు." కాస్త ఆగాడు. "వేలం పుస్తకంలో వేస్తారంట. ఆ పిల్ల ఫోటో ఏమైనా ఉందా?"

కాంతయ్య వాడి ముఖంలోకి చూశాడు. నిజం బయటపడితే బండి ధర చస్తుందనుకున్నాడు, పిచ్చివాడు. ఆ నిజానికీ ధర కట్టేశారు.

"లేదు. తోటలో మాకు ఫోటోలు తీసేవోడెవుడు? నా సెల్లెలికి ఉన్న ఫోటో ఇదొక్కటే," అన్నాడు గుంట వైపు చెయ్యి చూపించి.

ఆ మాట అనేసి స్పానరు తీసుకున్నాడు. ఒక్కొక్క బోల్టే విప్పాడు. యోగేశ్వరన్ "అంకుల్, అది నాది లా, పుట్టినప్పటి రేకు, అది లేకపోతే బండికి విలువ ఉండదు," అని వెంటపడ్డాడు. చెయ్యి పట్టుకోబోయాడు.

"పోలీసుల్ని పిలుసుకో తంబీ. ఆళ్ళు రాడానికి నలభై ఏళ్ళు లేటయిపోనాది," అన్నాడు కాంతయ్య. గోడ మీది ఫోటో తీసి, పూలు తీసి పక్కన పెట్టి, యోగేశ్వరన్ చేతిలో పెట్టాడు. "నీ బాబుని నువ్వట్టుకెల్లు. నా సెల్లెల్ని నానట్టుకెల్తాను."

యోగేశ్వరన్ ఫోను మళ్ళీ తియ్యలేదు. ఫోటోని చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.

మడ్‌గార్డు బరువైనదేం కాదు. అయినా షెడ్డు వెనకున్న ఇంటికి ఆ ఇరవై అడుగులూ నడవడానికి కాంతయ్యకి ఆయాసం వచ్చింది. గుమ్మం బయట గోడకి ఆనించి నిలబెట్టాడు. వంటింట్లోంచి పుష్పవల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఆడపడుచుని ఎరగదు, పేరు వినడమే. నడుము, భుజం, అడ్డం పెట్టుకున్న మోచెయ్యి, చాలాసేపు చూసింది.

అదేటి అని అడగలేదు. "ఎవులు?" అని అడిగింది.

"నూకమ్మ."

పుష్పవల్లి చీర కొంగు సర్దుకుంది. "మరి బయట నిలబెట్టేసినావేటి? లోనికి తీసుకురా," అంది.