చంకలో వెలిగిన చుక్క

మొన్న బేగంపేటలో రక్తపరీక్షకు వెళ్లాను. స్పిరిట్ దూది చేతిలోకి తీసుకుంటూ అక్కడి అమ్మాయి "ఏ చెయ్యి అంకుల్?" అంది. ఆ ప్రశ్న అడగకుండా ఎవరికీ సూది వెయ్యకూడదని నాకు నేర్పినవారు శామ్యూల్ గారు.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజుల్లో, సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో క్యాన్సర్ స్కాన్ విభాగానికి ఆయన పెద్ద టెక్నీషియన్. గుంటూరు వైపు మనిషి, నేరేడ్‌మెట్‌లో కాపురం. నేను ఆయన కింద కొత్తగా చేరాను. మేం ఎక్కించే మందు చక్కెర లాంటిదే, రేడియోధార్మికత అంటించినది. "కణితికి ఆకలెక్కువ అబ్బాయ్. పక్కవాటికంటే ఎక్కువ లాక్కుంటుంది. కానీ ఇది అసలు చక్కెర కాదుగా, పూర్తిగా అరగదు, బయటికీ పోదు. లోపలే చిక్కుకుని మన కెమెరాకు దొరికిపోతుంది" అనేవారు. ఇంజెక్షన్ తరువాత గంటసేపు రోగుల్ని కదలనిచ్చేవారు కాదు. ఎవరైనా కబుర్లు మొదలుపెడితే, "అమ్మా, మీ దవడే మందంతా తాగేస్తే నేను డాక్టరుగారికి దవడ ఫొటో ఇవ్వాలి" అని నవ్వించి, వెంటనే "నవ్వకూడదు" అని కసిరేవారు. వెలిగిందల్లా క్యాన్సర్ కాదు, ఎందుకు వెలిగిందో డాక్టరుకు చెప్పాల్సింది మన రాతే అన్నది ఆయన రోజూ చెప్పే పాఠం. రొమ్ములో గడ్డ ఉంటే సూది అవతలి చేతికే. తప్పనిసరై ఇవతలి చేతికిచ్చినా, మందు కారినా, కాగితం మీద రాసి తీరాలి.

యాదమ్మ చిలకలగూడలో జాకెట్లు కుట్టేది. స్కాన్‌కు మా దగ్గరికి వచ్చింది; గడ్డ కుడి రొమ్ములో. ఎడమచేతిలో రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. శామ్యూల్ గారిని పిలవడం చిన్నతనమనిపించి కుడిచేతికి ఇచ్చేశాను. కొంత మందు నరం బయటికి కారి చర్మం ఉబ్బింది. కాగితం మీద 'ఎడమ' అని రాశాను. నా రాతను నమ్మి ఆయన కింద సంతకం చేశారు. కారిన మందు మెల్లగా పైకి పాకి చంకలోని గ్రంథిలో చేరింది. చేతులు తలపైకి ఎత్తించి తీస్తాం కనుక మందు కారిన మోచేయి చిత్రంలో పడలేదు. చంకలో చుక్క మాత్రం వెలిగింది. రోగం అక్కడికి పాకిందనుకుని, ఆపరేషన్‌లో గడ్డతో పాటు చంకలోని గ్రంథులన్నీ తీసేశారు. పరీక్షిస్తే ఒక్కదానిలోనూ క్యాన్సర్ లేదు.

నెలల తరువాత, గ్రంథులు పోవడంతో వాచిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని ఆమె మా గదిలో కూర్చుంది.

"గీ చేతికే గుచ్చిండు సార్. మంట సుత పెట్టింది. ఇప్పుడు కత్తెర పట్టస్తలేదు."

శామ్యూల్ గారు నా వైపు తిరిగారు. "ఏ చేతికిచ్చావురా?"

"ఎడమ చేతికే ఇచ్చిన సార్."

"మావాడు అబద్ధం రాయడమ్మా" అన్నారాయన.

ఆమె ఆయన్ని కాదు, నన్ను చూసింది. "నాకెందుకయ్యా అబద్ధం? పోయిన చెయ్యి నాది."

సూది తీశాక కుడిచేతికి అంటించిన ప్లాస్టర్ తానే పీకానని ఆమె భర్త విచారణలో చెప్పాడు. కాగితం మీద సంతకం ఒక్క శామ్యూల్ గారిదే కనుక తప్పుడు రాతా ఆయనదే అయింది. ఉద్యోగం తీసేశారు. ఆయన నా పేరు ఎత్తలేదు. వెళ్లేరోజు మెట్ల దగ్గర ఆగి, "నాకేం చెప్పొద్దు అబ్బాయ్. ఆమె ఇంటికెళ్లి చెప్పు. ఆవిడ మాట నిజమని ఒప్పుకునేవాడు ఒక్కడైనా ఉండాలి" అన్నారు. చిలకలగూడలో ఆమె వీధి మలుపు దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను.

శామ్యూల్ గారు పోయారు. యాదమ్మ వాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఎటు వెళ్లారో ఎవరూ చెప్పలేకపోయారు. "ఆ తప్పుడు రిపోర్టు శామ్యూలేనా?" అని పాత ఉద్యోగులు ఇప్పటికీ అంటారు. ఇన్నేళ్లలో ఒక్కసారీ కాదనలేదు నేను.

కుడిచేతికి ఇచ్చింది నేను. కారడం చూసింది నేను. ఎడమ అని రాసింది నేను. ఇప్పుడిలా రాసినందువల్ల ఆమె చేతి వాపు తగ్గదు, ఆయన తలెత్తుకుని ఆ మెట్లెక్కి రారు. ఆయన అడిగిన రోజున ఒక్క మాట సరిపోయేది.