గరుకు రేకు

పొగ గురించి ఆలోచించే మనిషి కళ్యాణదుర్గంలో ఒక్కడే ఉండేవాడు. పేరు బదరీనారాయణ. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరు. పెళ్లి చేసుకోలేదు. అన్నగారి సిమెంటు కొట్టు వెనక గదిలో ఉంటూ, తొంభైల చివర్లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఒకే పని మీద తంటాలు పడ్డాడు. లారీ పొగగొట్టంలో సన్నని రేకు చుట్ట పెడతారు. దాని మీద ఉండే లోహపు పూత పొగలోని విషాన్ని విరిచేస్తుంది. చిక్కల్లా, ఇంజను వేడికి ఆ పూత పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది.

అందరూ రేకును అద్దంలా తోమి పూత వేస్తుంటే, ఈయన తోమడం మానేశాడు. రేకును ఉప్పునీటి తుంపరలో పెట్టి, గరుకు తేలాక పూశాడు. పూత నిలిచింది! ఎవరికైనా చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. వదిన కన్యకమ్మకు చూపించాడు.

"ఏమప్పా బదరీ, పొగకు చీర కడతాండావా?" అని నవ్వి, చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి పోయిందామె. ఆమెను అనడానికి లేదు. తోటి లెక్చరర్లు ఆ మాత్రం కూడా నిలబడలేదు.

పేటెంటుకు పెట్టుకున్నాడు. 2006లో ఒక పెద్ద కంపెనీ అడ్డం వచ్చింది. ఈ పనిలో ఉన్నవాడెవడికైనా ఇట్టే తట్టే సంగతికి పేటెంటేమిటని వాళ్ల వాదన. అలా తట్టేది కాదని తేలితేనే ఆ పని ఆయనది. లేదంటే అన్నేళ్లూ ఆయన చేసింది ఏమీ లేనట్టే.

చెన్నై పేటెంటు ఆఫీసులో విచారణ. వకీలును పెట్టుకోకుండా ఒక్కడే పోయాడు. అధికారి పెద్దమనిషి. కాగితాలు పక్కకు జరిపి, "చాలా గొప్ప పని చేశారండీ. ఇది మీకెలా తట్టింది?" అని తెలుగులోనే అడిగాడు.

ఎన్నాళ్లకు విన్నాడా మాట! బదరీనారాయణ కళ్లు చెమర్చాయి. మెచ్చుకుంటే తల వంచుకుని తగ్గించి చెప్పుకోవడం మనకు మర్యాద. మేడ కట్టినవాడు గుడిసె వేశానంటాడు, విందు పెట్టినవాడు ఇంత గంజి పోశానంటాడు. ఆ మర్యాద పాడుగాను, అదే ఆయన నోటికి వచ్చింది.

"నాదేముంది సార్. మా ఊర్లో బేల్దారి గోడకు గంట్లు పెట్టి సిమెంటు పూస్తాడు గదా, అంతే. ఎవురికైనా తట్టేదే."

కంపెనీ వకీలు చటుక్కున లేచాడు. "ఆ మాట నమోదు చేయండి సార్."

అధికారి జాలిగా చూసి, రాసుకున్నాడు. అప్పుడు గాని తానేమన్నాడో బదరీనారాయణకు తెలియలేదు. "మర్యాదకు అన్నాను సార్" అన్నాడు. ఆ ముక్క ఎవరూ రాసుకోలేదు.

కొన్నాళ్లకు తీర్పు వచ్చింది. పేటెంటు లేదు. అన్నం వడ్డిస్తూ వదిన అడిగింది.

"ఏమన్నారప్పా?"

"అది అందరికీ తెలిసిందేనంట."

"పోనీలే. తిను."

ఆయన ముద్ద కలిపాడు గానీ నోట పెట్టుకోలేకపోయాడు.

"అందరికీ తెలిసిందే అయితే, ఇన్నేళ్లలో దాన్ని గురించి నాతో మాట్లాడేవాడు ఒక్కడన్నా యాడ దొరికినాడు వదినా?"