నీలిగుడ్ల పెట్ట

చిల్లకల్లు టోల్‌గేటు ముందు లారీల వరసలో మా బస్సు చిక్కుకుపోయినప్పుడు, పక్క సీటు గంపలోంచి ఒక కోడిపెట్ట తల బయటపెట్టి నన్ను ఎగాదిగా చూసింది. దాని బుగ్గల మీద రెండు పక్కలా ఈకలు గుబురుగా ఉన్నాయి. చాలా ఊళ్లు తిరిగాను గాని, గడ్డమున్న పెట్టను అదే చూడటం.

గంప తాలూకు మనిషికి అరవై దాటి ఉంటాయి. పేరు దేవమణి, ఊరు చందర్లపాడు. నేను కునుకు తీస్తుండగా నందిగామలో ఎక్కిందట. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి పెట్టకూ లేదనీ, పుంజైతే మాత్రం కొట్టేవాణ్ణనీ కండక్టరు ఆటపట్టించాడట. ఆమెకు నవ్వు రాలేదు.

"పుంజే ఉంటే నేనెందుకు బస్సెక్కుతానండి?" అంది.

ఆ పెట్ట నీలిరంగు గుడ్డు పెడుతుంది, కాస్త ఆకుపచ్చ కలిసిన నీలం. ఎక్కడో చదివాను, గోధుమరంగు గుడ్డుకు రంగు పైపూతేనట, పెంకు లోపల తెలుపే. నీలిగుడ్డు పెంకు లోపల కూడా నీలమే. మనుషుల్లోనూ ఈ రెండు రకాలూ ఉంటారనబోయి ఊరుకున్నాను. ఉక్కపోతలో ఆగిన బస్సులో అలాంటి మాటలకు విలువుండదు.

దేవమణికి మాత్రం రంగు కంటే చాకిరీ గురించి చెప్పడం ఇష్టం. చూడ్డానికి బొద్దుగా ఉన్నా పెట్ట రెండు కిలోలు తూగితే గొప్పట. పుంజు మరికాస్త. వెడల్పు మూకుట్లో నీళ్లు పెడితే బుగ్గల ఈకలు తడిసి కంపు కొడతాయి, అందుకని సన్నమూతి ముంతలో పెట్టాలి. ఆ ఈకల్లో పేలు పడకుండా పొయ్యి బూడిదలో పొర్లనివ్వాలి. మన ఎండలకు ఇది ఆగదు. వేసవంతా గూటి మీద తడిగోనె ఆరకూడదు.

వాళ్ల ఊరి బడిలో పనిచేసిన పరిమళ టీచరు బదిలీ అయి వెళ్తూ ఈ జాతివే ఒక పుంజునూ రెండు పెట్టలనూ దేవమణికిచ్చి వెళ్లింది. భర్త ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. మిరపకోతల నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎదురొచ్చేవి అవే. గోడ అవతల తమ్ముడు నెహెమ్యా ఇల్లు. అతనూ ఒంటరివాడే. పొద్దున్నే గ్లాసు పట్టుకుని టీకి వచ్చేవాడు, పోతూ పోతూ ఒక నీలిగుడ్డు జేబులో వేసుకునేవాడు.

మా వైపు కోడి ఈకను చూసి జాతకం చెప్పేస్తారు. నెహెమ్యా ఆ పుంజు వీపు మీద పసుపు ఈకలు చూశాడు, పందెం లెక్కలో అది నెమలి రకం అని తేల్చేశాడు, నెమలికి ఓటమి లేదన్నాడు. చాటుగా బాదంపప్పు మేపాడు. మొన్నటి సంక్రాంతికి, అక్క చర్చికి వెళ్లినప్పుడు, చంకన పెట్టుకుని పందేల బరికి తీసుకెళ్లాడు. కత్తి కట్టి వదిలితే, ఎదుటి పుంజు గాల్లోకి లేచే వేళకు ఇది నేల మీద గింజలు ఏరుకుంటోందట.

"అట్టాంటి పుంజుని తెచ్చేదాకా నా గుమ్మం తొక్కొద్దన్నానండి," అంది దేవమణి. "తొక్కలేదు."

బస్సు కదిలింది.

మే నెల ఎండకు ఒక పెట్ట పోయింది. మిగిలింది ఇదొక్కటే, దీనికీ వయసవుతోంది. వీధి పుంజులతో కలిస్తే జాతి పోతుందని పెరడు దాటనివ్వదు. ఈ కోళ్లు మొదట జగ్గయ్యపేటలో భవానీప్రసాద్ అనే ఆయన దగ్గరివని టీచరు ఫోన్లో చెబితే, ఆయన పుంజు దగ్గర కొన్నాళ్లు దీన్ని వదలాలని బయల్దేరింది. తమ్ముడు తెస్తాడేమోనని ఇన్నాళ్లూ చూసిందట.

"ఇప్పుడు గోడవతల కుర్రపుంజు కూస్తోంది మాస్టారూ. గొంతు కూడా సరిగ్గా రాలేదు దానికి. మళ్లీ పందేనికే మేపుతున్నాడు. సిగ్గన్నా ఉండాలిగా."

జగ్గయ్యపేటలో నాకు పనేమీ లేదు. పని లేకపోవడమే నా ప్రయాణాలన్నిటికీ కారణం. ఆమె సంచీ అందుకుని వెంట నడిచాను.

భవానీప్రసాద్ డాబా మీద రకరకాల కోళ్లు పెంచుతున్నాడు. పెట్టను చేతుల్లోకి తీసుకుని, బుగ్గల ఈకలు నిమిరి, బాగా చూసుకున్నావమ్మా అన్నాడు. కాని ఆ జాతి పుంజు తన దగ్గర లేదు. ముసలిది ఎండలకు పోయింది. ఉన్న ఒక్క పిల్లపుంజునూ ఎండలు తగ్గాక అమ్మేశాడు.

"మీ చందర్లపాడాయనే తీసుకెళ్లాడమ్మా. పందేనికైతే ఇవ్వనన్నా. పందేనికి కాదండీ, దీంతో మా అక్క గుమ్మం తొక్కాలి అన్నాడు. ఆరు నెలలు నిండేదాకా పెట్ట దగ్గర వదలొద్దని చెప్పి పంపా. కూత మొదలెట్టిందో లేదో మరి."

దేవమణి చేతులు చాచి పెట్టను తీసుకుంది, గంపలో దించింది. ఆయన మజ్జిగ కోసం ఇంట్లోకి కేకేసి ఇటు తిరిగేసరికి ఆమె మెట్లు దిగుతోంది. సంచీ ఇంకా నా చేతిలోనే ఉంది. పిట్టగోడ దగ్గరికి వెళ్లి పిలిచాను. వినపడిందో లేదో.

చినుకులు మొదలయ్యాయి. ఆమె రోడ్డు మధ్యలో ఆగి, పైటచెంగు లాగి గంప మీద కప్పింది. ఇప్పుడు వెనక్కి చూస్తుందనుకున్నాను. చూడలేదు. తల తడుపుకుంటూ బస్టాండు వైపు గబగబా నడిచింది.