ఆయుధపూజ నాడు ఆగని మిషను

మా కాలేజీ కంప్యూటరు గదిలోకి ఎవరు వెళ్లినా చెప్పులు బయట విడవాల్సిందే. నానాజీ ఉద్యోగంలో చేరిన రోజున గుమ్మం ముందు ఆ చెప్పుల వరస చూసి నవ్వాడు.

"ఇది దేవుడి గది కాదక్కా. దుమ్ము పడకూడదు, అంతే. చెప్పులిప్పేసి మట్టికాళ్లతో లోపలికొత్తే లాభమేటి?"

అంటూనే తన చెప్పులు కూడా విప్పి, అందరి చెప్పుల పక్కన వరుస తప్పకుండా పెట్టాడు. అతని తీరే అంత. అభిప్రాయం ఎంత గట్టిగా చెప్పినా, ఎదుటివాళ్ల మర్యాదను మాత్రం దాటేవాడు కాదు.

కశింకోట అవతల చెరకు పండించే ఇంటి పిల్లవాడు. 2004లో మా అనకాపల్లి కాలేజీకి సిస్టమ్ అడ్మినిస్ట్రేటరుగా వచ్చాడు. ఆ హోదా మా ఎవరికీ నోరు తిరగక 'సిస్టం బాబు' అనేవాళ్లం. నేను ఆఫీసులో టైపిస్టుని. దేవరాపల్లి దగ్గర మా ఊరి ఫాదర్ల బడిలో చదువుకుని, పద్దెనిమిదేళ్లు టైపు మిషను మీద కొట్టిన వేళ్లు నావి. కంప్యూటరు ముందు కూర్చున్నా అదే బాదుడు.

"మెల్లగా అక్కా. అది చెవిటిది కాదు, నొక్కితే సాలు," అనేవాడు. విసుగన్నది ఎరగడు. ఒకే సంగతి వారంలో ఆరుసార్లు అడిగినా, మొదటిసారి అడిగినట్టే చెప్పేవాడు. ప్రార్థనలో ఆ ఓర్పు కోసం నేను ఎన్నాళ్లుగానో అడుగుతున్నాను. అతనికి అడక్కుండానే ఇచ్చాడు దేవుడు.

నేను పాస్‌వర్డుగా యేసుప్రభువు పేరు పెట్టుకుంటే ఒప్పుకోలేదు. "దేవుడి పేరు ఊరందరికీ తెలుసక్కా. ఎవరికీ తెలీంది పెట్టు." పదిమందికి పంపితే మేలు జరుగుతుందని మా లెక్చరర్లు పంపుకునే ఉత్తరాలు నాకూ వస్తే, "దేవుడికి ఈ-మెయిలు అక్కర్లేదు, తీసీ," అన్నాడు. అందరూ కెమెరా ఉన్న సెల్‌ఫోను చూసి మురుస్తుంటే, అతను మాత్రం టార్చి ఉన్న చిన్న ఫోను జేబులో వేసుకు తిరిగేవాడు. "మా ఊరి గట్టు మీద పాము ఫోటో తీత్తానా ఏటి? కనబడితే సాలదా?"

అన్నింటికన్నా అతనికి ఇష్టమైనది లినక్స్. ఎక్కడెక్కడి వాళ్లో కూడి తయారుచేసి, కావాలన్నవాళ్లకల్లా ఊరికే ఇచ్చేసే సాఫ్ట్‌వేరట. దొంగ సీడీలంటే అతనికి గిట్టదు. "ఇచ్చేవోళ్లుండగా దొంగతనం ఏలక్కా?" అనేవాడు. తొలినాటి విశ్వాసులు తమకున్నదంతా ఉమ్మడిగా పెట్టుకుని బతికారని నేను చెబితే, "అయితే వాళ్లూ మా జట్టే," అని నవ్వాడు. ఏ దేశంలోనో ఉన్న మనిషి, మొహం కూడా ఎరగనివాడు, ఇంటర్నెట్‌లో దారి చెప్పి మా ఆఫీసు ప్రింటరు బాగుచేయించాడు. ఆ రోజు అతని సంబరం చూడాలి. లినక్స్ గుర్తు పెంగ్విన్ పక్షి. ఆ బొమ్మున్న చొక్కా వేసుకుని వస్తే, ఊడ్చే కాసులమ్మ చీపురు ఆపి మరీ చూసింది.

"బాతు బొమ్మ బాగుంది బాబూ. మీ ఇంటి కాడ పెంచుతున్నారేటి?"

"అది బాతు కాదమ్మా."

"మరి కోడా?"

కాసులమ్మది పర్మనెంటు ఉద్యోగం కాదు. పన్నెండేళ్లుగా ఏటికేడు పొడిగిస్తూ వచ్చారు. ఆ జీతం మీదే ఆమె ఇల్లు నడిచేది. అయినా ఆమె చేతిలో చల్లదనం తగ్గలేదు. రోజూ నా బల్ల మీద మంచినీళ్లు పెట్టి, పైన సాసరు మూస్తుంది. షేరాటోలో పరుగున వచ్చే నానాజీకి తన గిన్నెలోంచి రెండు దిబ్బరొట్టె ముక్కలు తీసి ఉంచుతుంది. తన పాత చీరలు చింపి కంప్యూటర్లన్నింటికీ తొడుగులు కుట్టింది కూడా ఆమే.

గది మూల బల్ల మీద ఓ పెద్ద డబ్బా ఉండేది. దాన్ని సర్వరు అనేవారు. పిల్లల పేర్లు, మార్కులు, హాజరు, అన్నీ అందులోనే. ప్రతి శనివారం నానాజీ అవన్నీ ఒక సీడీలోకి ఎక్కించి, ఇంటికి తీసుకెళ్లమని నాకిచ్చేవాడు.

"కాలేజీ కాలిపోతే?"

"అపశకునం పలక్కు నాయనా."

"పలక్కపోతే కాలదా అక్కా? రెండు చోట్ల లేనిది ఎక్కడా లేనట్టే."

ఆ సీడీలను బిస్కెట్ల డబ్బాలో పెట్టి, నా ప్రార్థన పుస్తకం పక్కన ఉంచేదాన్ని.

2006 దసరా సెలవులకు ముందు రోజు. మా కాలేజీలో ఆయుధపూజ ఆ సాయంత్రమే చేసేస్తారు. పూజ అయ్యాక సెలవులు అయ్యేదాకా పనిముట్టును కదపకూడదు, దానికీ విశ్రాంతి ఇవ్వాలి. అన్ని మిషన్లూ ఆపే వెళ్లాలని ప్రిన్సిపాలు త్రినాధరావు గారు నోటీసు కూడా పెట్టించారు. నేను పూజలో కూర్చోను గానీ, కాసులమ్మ పెట్టిన అరటిపండు ఏనాడూ కాదనలేదు.

ఆ ఉదయమే నానాజీ నా బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "కొత్త లినక్స్ వచ్చిందక్కా. అయిదు సీడీలు. మన ఇంటర్నెట్ లైనులో దించాలంటే రోజులు పడతాది. సెలవుల్లో లైను ఎవురూ వాడరు కదా, సర్వరుకి అప్పజెప్పేసేను. కరెంటు పోయినా, వచ్చేక తనే లేత్తాది."

సాయంత్రం కాసులమ్మ మిషన్లన్నీ తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ పట్టుకుని సర్వరు దగ్గరకొచ్చింది. నేను కాగితాలతో గుమ్మంలో ఉన్నాను.

"దీన్ని ఆపేసినావా బాబూ? దండేసి తొడుగేసెత్తాను."

నానాజీ భుజాన సంచీ తగిలించుకున్నాడు. చెయ్యి చాచి తెర ఆర్పాడు. "ఆఁ, ఆపేసేనమ్మా," అంటూ షేరాటో కోసం పరుగెత్తాడు.

తెర నల్లబడితే మిషను నిద్రపోయినట్టేనని మేమంతా నమ్మే రోజులవి. అతను చెప్పింది నిజం కాదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. చిన్న మాటే కదా, ఎవరికి నష్టమని ఊరుకున్నాను.

సెలవులయ్యాక తలుపు తీస్తే మాడు వాసన. నానాజీ తొడుగు లాగి, దండ తీసి, డబ్బా మరలు విప్పాడు. ఎండిన బంతిరేకులు లోపలి ఫ్యానుకు చుట్టుకుని ఉన్నాయి. ఫ్యాను బిగుసుకుపోయింది. సర్వరు ఇక లేవలేదు.

త్రినాధరావు గారు చెడ్డమనిషి కాదు. కానీ పరీక్షల దరఖాస్తులు పంపాల్సిన వారం అది. రేకులు ఆయన కళ్లారా చూశారు. కాసులమ్మను గదికి పిలిపించారు. కాగితం టైపు చేయడానికి నన్నూ పిలిచారు.

"మిషనుకి పూలేమిటి, చీరలేమిటి? నెలాఖరుతో చాలించుకో కాసులమ్మా. మేరీ గారూ, రాసుకోండి."

కాసులమ్మ కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. "నాదే తప్పు బాబూ. మెత్తటి పువ్వే గదా, ఏటవుద్దని ఎట్టేసేను. గుయ్యిమని సప్పుడొత్తంటే పక్కనున్న ఆ కరెంటు బేటరీ డబ్బాదనుకున్నాను."

అంతే అంది. 'నేను అడిగేను, ఈయన ఆపేసేనన్నాడు' అని అనలేదు. ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం నిలుస్తుంది. ఆ మాట ఆమెకు గుర్తులేక కాదు. కళ్లెత్తి నానాజీ వైపు ఒక్కసారి చూసి, దించుకుంది. నా పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. ప్రభువా, ఎవరో ఒకరి నోరు తెరిపించు అనుకున్నాను. తెరవాల్సిన నోళ్లలో నాదీ ఒకటని అప్పుడు తట్టనే లేదు.

నానాజీ గోడవారగా నిలబడి ఉన్నాడు. గుప్పిట్లో ఆ రేకులు.

"ఆ కాగితం రాయించకండి సార్. ఆపేసినావా అని కాసులమ్మ నన్ను అడిగింది. ఆపేసేనన్నాను. ఆపలేదు."

"ఎందుకు ఆపలేదు?"

"లినక్స్ దించుకుంటన్నాను సార్. సాఫ్ట్‌వేరు. ఉచితం."

"ఉచితమా? సర్వరు కాల్చి తెచ్చుకున్నది ఉచితమటయ్యా?"

నానాజీ తల వంచలేదు. "ఆగిన మిషనుకి దండేసినా ఏటీ అవదు సార్. నడిచే మిషనుకి ముసుగేత్తే ఊపిరాడదు. అది నడుత్తున్నాదని ఈవిడికి తెలీదు. నాకు తెలుసు."

"నేనూ విన్నానండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అడగడమూ విన్నాను, చెప్పడమూ విన్నాను. అది నడుస్తూనే ఉంటుందని తెలిసీ ఊరుకున్నాను."

కాసులమ్మకు కోపమొచ్చింది. పన్నెండేళ్లలో ఆమె గొంతు పెంచగా విన్నది అప్పుడే. "ఏల బాబూ ఇప్పుడా మాట? పెళ్లి కావలసినోడివి. నీకు మచ్చేల? నానైతే ఏ గుమ్మమైనా ఊడ్సుకుంటాను."

త్రినాధరావు గారు ముగ్గురినీ మార్చి మార్చి చూశారు.

"కాగితం అలాగే ఉంచండి మేరీ గారూ. పేరు మార్చండి. చాలించుకోమన్నది తీసేసి, మెమో అని పెట్టండి."

నానాజీకి వచ్చిన మెమో నేనే టైపు చేశాను. సంతకం పెట్టే ముందు నిలబడి చదివాడు. "నిర్లక్ష్యం అని ఒక్కటే ఉందక్కా. అబద్ధం అని కూడా ఉండాలి కదా?"

"ఉన్నది చాల్లే. పెట్టు సంతకం."

మర్నాడు బిస్కెట్ల డబ్బా పట్టుకొచ్చాను. చివరి శనివారం సీడీ నుంచి అన్నీ తిరిగి వచ్చాయి. దరఖాస్తులు వేళకే వెళ్లాయి. జరిగిందంతా నానాజీ తన ఇంటర్నెట్ స్నేహితులకు దాచకుండా రాసుకున్నాడట. నెల తిరక్కుండా మైసూరు నుంచి ఎవరో అయిదు సీడీలు పోస్టులో పంపారు. పైన చీటీ: 'ఈసారి దించుకోనక్కర్లేదు.' అది కాసులమ్మకు చదివి వినిపిస్తే, "ఆ బాతు జట్టోళ్లు మంచోళ్లే," అంది.

మరుసటి ఏడు ఆయుధపూజ. కాసులమ్మ దండ తెచ్చింది గానీ, కొత్త సర్వరుకు బారెడు దూరంలోనే ఆగిపోయింది. నానాజీ ఆమెను దగ్గరకు పిలిచి, అందరి ముందూ మిషను ఆపాడు. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని డబ్బా పక్కన ఆనించాడు.

"వణుకు ఆగితే ఆగినట్టమ్మా. వేడి తగ్గేకే పువ్వెట్టు. ఇకనించి నన్ను అడక్కు, నా మాట నమ్మకు."

"నీ మాట కాకపోతే ఎవురి మాట నమ్ముతాను బాబూ?" అంటూనే కాసులమ్మ చెయ్యి తీయలేదు. జ్వరం తగ్గిందా అని పసిబిడ్డ నుదురు తడిమినట్టు, కళ్లు మూసుకుని అలాగే ఉంచింది. ఆటో వెళ్లిపోతుందని బయట ఎవరో కేకేశారు. నానాజీ కదల్లేదు. డబ్బా చల్లబడిందని ఆమె తల ఊపేదాకా ఆ పక్కనే, వట్టికాళ్లతో, దండ పట్టుకుని నిలబడ్డాడు.