ఫోటోకని కట్టిన చెయ్యి

కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సుల నా పక్కన కూసున్నామెది సిరిసిల్ల. పేరు అడగలే. నా ఒళ్లె ఉన్న దవఖాన ఫైలు జూసి, "ఏ దిక్కు తీసిండ్రక్కా?" అన్నది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషను ఆమెకు సుత అయ్యిందని గా ఒక్క మాటకే తెలిసిపాయె.

"ఎడమ దిక్కు. ఈ ఆపరేషనైతె ఆ దిక్కు చెయ్యి వాస్తదట, ఇయ్యాల రెండు చేతులు ఫోటో తీస్తరట చెల్లె. కంటికి ఆనని వాపును గూడ కంప్యూటర్ పట్టిస్తదట."

ఆమె కొంగు పక్కకు జరిపింది. కుడిచెయ్యి దిండు లెక్క ఉన్నది.

"నాకు గూడ తీసిండ్రు. వాపున్నదంటె బీడీలు చేసుడు బంజేయమంటరని, తెల్లారంగనే చేతికి గుడ్డ బిర్రుగ సుట్టుకున్న. దవఖాన గేటుకాడ ఇప్పిన. ఫోటోల రెండు చేతులు సమానం వచ్చినై. మంచిగున్నదన్నది డాక్టరమ్మ. నవ్వుకుంట ఇంటికి పోయిన. అప్పుడే దొరికితె తగ్గునట. ఇప్పుడు తగ్గదట."

"మరి బీడీలు ఎట్ల చేస్తున్నవ్?"

"ఏం బీడీలక్కా, జడేసుకునుడే అయితలేదు."

నేను సుత బీడీలే చేస్త. ఆమె నా జాకిట్ చెయ్యి దిక్కు సూసింది. అంచు కింద తెల్లగుడ్డ కొస కనవడుతున్నది.

"ఇప్పుకో అక్కా. నేనిటు మర్లుకుంట," అని కిటికీ దిక్కు తిరిగింది.

సిగ్గుతోని ముడి ఇప్పిన. జగిత్యాల వచ్చేసరికి చెయ్యి మళ్ల బరువెక్కింది. గట్లనే తీస్కపోయి కెమెరా ముందు చాపిన.